చూసేవాడు లేకపోతే కొలత జరగదా? క్వాంటం భౌతికశాస్త్రంపై ఒక చర్చ

వంశధార (గుణుపురం)

సభ్యులందరికీ నమస్కారం. గుణుపురంలో ప్లస్ టూ సైన్సు విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తుంటాను. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు ఉన్న పిల్లలు కావడంతో, పాఠం ముగిశాక అదే విషయాన్ని తెలుగులో మరోసారి చెప్పమని అడుగుతుంటారు. కార్తీకమాసంలో ఊళ్ళో జరిగిన ఒక ప్రవచనంలో వక్త దృష్టిసృష్టివాదాన్ని, అంటే చూడటం వల్లే సృష్టి ఉన్నదనే వేదాంత వాదాన్ని వివరిస్తూ, మనం చూసేదాకా ఎలక్ట్రాన్ ఎక్కడా ఉండదనీ, మనిషి చూపు పడ్డాకే అది ఒక చోట నిలుస్తుందనీ, ఈ సంగతిని ఇప్పుడు సైన్సు కూడా ఒప్పుకున్నదనీ చెప్పారట. మర్నాడు తరగతిలో అంతా అదే చర్చ. ఒక అమ్మాయి మాత్రం అసలైన ప్రశ్న వేసింది: "సార్, రెండు చీలికల దగ్గర డిటెక్టర్ పెట్టి, అది ఏం చెప్పిందో ఎవరూ చూడకముందే ఆ రీడింగును చెరిపేస్తే, తెర మీద చారలు వస్తాయా, రావా?"

రెండు సన్నని చీలికల గుండా ఎలక్ట్రాన్లను తెర మీదికి పంపితే, ఏ చీలిక గుండా పోయాయో పట్టుకోనంతవరకు తెర మీద చారలు వస్తాయి, పట్టుకుంటే రావు; ఆ అమ్మాయి అడిగింది ఆ ప్రయోగం గురించే. పుస్తకంలో ఉన్న సమాధానం ఒక్కటే: చూడాలంటే కాంతి పడాలి, కాంతి పడితే ఎలక్ట్రాన్ చెదిరిపోతుంది. దీనితో ఆ అమ్మాయి సందేహం తీరదు. ప్రవచనాన్నీ పుస్తకాన్నీ కాసేపు పక్కన పెట్టి, ప్రయోగాలు ఏం చెబుతున్నాయో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

వంశధార గారూ, పుస్తకం చెప్పినదాంట్లో తప్పేముందో నాకు బోధపడలేదు. డిగ్రీలో మేము చదువుకున్నదీ అదే. 1927లో హైజెన్‌బర్గ్ గామా కిరణాల సూక్ష్మదర్శిని అనే ఊహా ప్రయోగంతో ఈ విషయాన్ని చెప్పాడు. తక్కువ తరంగదైర్ఘ్యమున్న కాంతితో చూస్తే ఎలక్ట్రాన్ స్థానం కచ్చితంగా తెలుస్తుంది గాని, ఆ ఫోటాన్ (కాంతి కణం) గట్టిగా తగిలి దాని ద్రవ్యవేగాన్ని (ద్రవ్యరాశి, వేగాల లబ్ధాన్ని) మార్చేస్తుంది. ఎక్కువ తరంగదైర్ఘ్యంతో చూస్తే దెబ్బ తగ్గుతుంది గాని స్థానం మసకబారుతుంది. చిన్న గిన్నెలోని వేడి పాలలో చల్లని థర్మామీటర్ ముంచితే ఆ పాల వేడే కొంత తగ్గుతుంది కదా, ఇదీ అంతే. మనసుకు ఇందులో చోటే లేనప్పుడు, పిల్లలకు ఇంతకు మించి చెప్పడం ఎందుకు?

రుషికుల్య (బరంపురం)

నేను బరంపురంలో పరిశోధక విద్యార్థినిని. ముందు మనిషి చూపు సంగతి తేల్చి, మహేంద్రతనయ గారి మాటకు తర్వాత వస్తాను.

1999లో వియన్నాలో ఆంటన్ జైలింగర్ బృందం అరవై కార్బన్ పరమాణువులున్న ఫుల్లరీన్ అణువులను అతి సన్నని చీలికల వరుస గుండా పంపి, వాటికి కూడా ఎలక్ట్రాన్‌లాగే వ్యతికరణ చారలు (వేర్వేరు దారుల తరంగాలు కలిసి ఏర్పరచేవి) వస్తాయని చూపింది. ఆ తర్వాత వియన్నాలోనే డెబ్భై కార్బన్ పరమాణువుల అణువులతో చేసిన రెండు ప్రయోగాలు మన చర్చకు ఎంతో ముఖ్యమైనవి. 2003లో, అణువులు ప్రయాణించే శూన్యపు గదిలోకి కొద్దికొద్దిగా వాయువును వదిలారు. వాయువు పీడనం పెరిగేకొద్దీ చారలు క్రమంగా మాసిపోయాయి. 2004లో, అణువులు బయలుదేరే చోటే వాటిని లేజరుతో వేడి చేశారు. సుమారు 1000 కెల్విన్ల దాకా చారలు చక్కగానే ఉన్నాయి. ఆపైన పలచబడుతూ వచ్చి, 3000 కెల్విన్ల ప్రాంతానికి కనిపించకుండా పోయాయి. కారణమేమిటంటే, అంత వేడెక్కిన అణువు దారిలో తనంతట తానే ఫోటాన్లను వెదజల్లుతుంది, అణువు ఏ దారిన పోతున్నదన్న సమాచారం ఆ ఫోటాన్లతో పాటు బయటికి పోతుంది. వాటిని పట్టుకోవడానికి అక్కడ ఎవరూ ఏ పరికరమూ పెట్టలేదు. అవి వెళ్ళి గది గోడలకు తగిలాయి. చారలను చెరపడానికి అంత మాత్రం చాలింది.

ఇక మీ విద్యార్థిని ప్రశ్నకు సమాధానం: చారలు రావు. డిటెక్టర్ ఎలక్ట్రాన్ దారిని నిజంగా పట్టుకున్నదంటే, ఆ డిటెక్టర్‌లోని లక్షల కోట్ల పరమాణువుల స్థితి ఎలక్ట్రాన్ దారితో ముడిపడిపోయిందన్నమాట. తర్వాత కాగితాన్ని కాల్చినా, కంప్యూటరులో ఫైలును తీసేసినా, ఆ ముడి విడిపోదు. పొగలోకి, వేడిలోకి, గాలిలోకి ఇంకా విస్తరిస్తుంది. క్వాంటం ఎరేజర్ పేరుతో ప్రసిద్ధమైన ప్రయోగాలు ఉన్న మాట నిజమే గాని, వాటిలో దారి సమాచారం ఒకే ఒక జంట ఫోటాన్ వంటి చిన్న వ్యవస్థలో మాత్రమే ఉంటుంది, దానిని చెదరనివ్వకుండా జాగ్రత్తగా మరో రకంగా కొలుస్తారు. అప్పుడు కూడా తెర మీది మొత్తం చుక్కలలో చారలు కనిపించవు. జంట ఫోటాన్ ఫలితాన్ని బట్టి చుక్కలను రెండు గుంపులుగా విడదీస్తే, ఒక గుంపులో చారలు, రెండో గుంపులో వాటి ఖాళీలలో పడే చారలు కనిపిస్తాయి, రెండూ కలిపితే మళ్ళీ మామూలు మచ్చే. చాలా వీడియోలు ఈ విడదీసే మెట్టును దాటేసి, "గతం మారిపోయింది" అని చెబుతాయి. నాకు వాటి మీద ఉన్న చిరాకు ప్రవచనకర్తల మీద లేదు.

ప్రాణహిత (సిరొంచ)

రుషికుల్య గారూ, మీ వాదన బాగుంది గాని ఒక చిక్కు మిగిలిపోయింది. ఆ వియన్నా ప్రయోగాలలోనూ చివరికి ఎవరో ఒక మనిషి ఫలితాలను చూశాడు. ఆ మనిషి చూసేదాకా వాయువు, గోడలు, కంప్యూటరు అన్నీ కలిసి తేలని స్థితిలోనే ఉన్నాయని ఎవరైనా అంటే, మీరు కాదని ఎలా నిరూపిస్తారు? ఇది దారిన పోయేవారు అన్న మాట కూడా కాదు. ఫాన్ నాయ్‌మన్ 1932లో రాసిన గ్రంథంలోనూ, నోబెల్ పొందిన విగ్నర్ 1961లో రాసిన వ్యాసంలోనూ చైతన్యం ప్రస్తావన ఉందని చదివాను. వాళ్ళకు గణితం రాదని అనలేము కదా!

రుషికుల్య (బరంపురం)

ప్రాణహిత గారూ, సరిగ్గా పట్టుకున్నారు. కాదని ప్రయోగంతో నిరూపించలేను. ఫాన్ నాయ్‌మన్ చూపినది కూడా ఒక విధంగా అదే: కొలిచే పరికరానికీ కొలవబడే వస్తువుకూ మధ్య గీతను ఎలక్ట్రాన్ పక్కనే గీసినా, డిటెక్టర్ అవతల గీసినా, కంటి అవతల గీసినా, లెక్కలో వచ్చే సంభావ్యతలు మారవు. అంటే గీత మనసు దగ్గరే ఉండాలని ఆ గణితం బలవంతపెట్టదు, ఉండకూడదనీ అనదు. విగ్నర్ ఆ గీతను చైతన్యం దగ్గర గీశాడు. అయితే పరిసరాల ప్రభావంపై 1970 నుంచి డీటర్ త్సే రాసిన వ్యాసాలు చదివాక, తర్వాతి కాలంలో ఆ అభిప్రాయాన్ని ఆయన వదులుకున్నాడు. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

ప్రయోగం తేల్చలేకపోయినా, ఒక వాదన మోసే బరువెంతో చూడవచ్చు. చల్లని అణువుల ఫలితాలనూ వేడి అణువుల ఫలితాలనూ చూసింది అవే కళ్ళు, అదే కంప్యూటరు తెర మీద, అదే ఓపికతో. ఒక సందర్భంలో చారలున్నాయి, ఇంకో సందర్భంలో లేవు. రెండింటిలోనూ సమానంగా ఉన్న మనిషి చూపు ఈ తేడాకు కారణం కాలేదు. తేడా ఉన్నదల్లా బయటికి పోయిన ఫోటాన్లలోనే, అవి ఎన్ని పోతే చారలు ఎంత పలచబడతాయో ముందే లెక్క కట్టవచ్చు, ఆ లెక్క ప్రయోగంతో సరిపోయింది కూడా.

నాగావళి (రాయగడ)

ఉద్యోగ విరమణ చేసి రాయగడలో ఉంటున్న పాత భౌతికశాస్త్ర ఉపన్యాసకుణ్ణి. అమ్మాయి రుషికుల్య చైతన్యం సంగతి చక్కగా తేల్చింది. మహేంద్రతనయ గారి పాల గిన్నె సంగతి నేను చూస్తాను, ఎందుకంటే చదువుకున్నవాళ్ళలో ఎక్కువమంది చిక్కుకుపోయేది అక్కడే. చైతన్యం మాట వినగానే అనుమానించేవాళ్ళు కూడా దెబ్బ తగలడమనే మాటను మారు ప్రశ్న వేయకుండా ఒప్పుకుంటారు.

గిన్నెలోని పాలకు థర్మామీటర్ ముంచకముందే ఒక కచ్చితమైన వేడి ఉంది. థర్మామీటర్ దానిని కాస్త పాడుచేసింది, ఎంత పాడుచేసిందో లెక్కవేసి సరిదిద్దుకోవచ్చు కూడా. స్థానం, ద్రవ్యవేగాల గురించి హైజెన్‌బర్గ్ పేరుతో ఉన్న అనిశ్చితత్వ సూత్రం చెప్పేది ఇటువంటి మాట కాదు. కెన్నార్డ్ 1927లోనే నిరూపించిన రూపాన్ని చూడండి. ఒకే విధంగా తయారుచేసిన ఎలక్ట్రాన్లు వేల సంఖ్యలో ఉన్నాయనుకుందాం. వాటిలో సగం ఎలక్ట్రాన్ల స్థానాన్ని మాత్రమే కొలుస్తాము, మిగిలిన సగం ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాన్ని మాత్రమే కొలుస్తాము. ఏ ఎలక్ట్రాన్‌నూ రెండోసారి ముట్టుకోము. ఒక కొలత ఇంకో కొలతను చెడగొట్టే అవకాశమే లేదు. అయినా స్థానాలలో కనిపించే చెదురునూ (విలువలు ఎంత విస్తరించి ఉన్నాయన్నదానినీ) ద్రవ్యవేగాలలో కనిపించే చెదురునూ గుణిస్తే, ఆ లబ్ధం ఒక పరిమితి కంటే తగ్గదు. ఆ పరిమితి ప్లాంక్ స్థిరాంకాన్ని నాలుగు పైలతో భాగిస్తే వచ్చే విలువ. చెదురు ఆ ఎలక్ట్రాన్లను తయారుచేసిన స్థితిలోనే ఉంది.

అంకెలతో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఒక ఎలక్ట్రాన్‌ను పరమాణువంత చోటులో, అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు వెడల్పులో ఉంచితే, దాని వేగంలో సెకనుకు సుమారు 580 కిలోమీటర్ల చెదురు తప్పదు. హైడ్రోజన్ పరమాణువులోని ఎలక్ట్రాన్ కేంద్రకంలో కూలిపోకుండా ఉండటానికి ఆధారం ఇదే. ఆ పరమాణువు మీద ఏ ఫోటాన్నూ ఎవరూ విసరడం లేదు. విసరకపోయినా అది కూలిపోదు.

హైజెన్‌బర్గ్ సూక్ష్మదర్శినిలోని లోపాలను బోర్ అప్పుడే ఎత్తిచూపాడు, హైజెన్‌బర్గ్ ఆ సంగతిని తన వ్యాసం చివర చేర్చాడు. పాఠ్యపుస్తకాలు వ్యాసం మొదటి భాగాన్ని తీసుకుని చివరి భాగాన్ని వదిలేశాయి. కొలత వల్ల కలిగే కదలికకు వేరే సూత్రాలు ఉన్నాయి. 2003లో ఒజావా అటువంటిదొకటి రాశాడు, 2012లో వియన్నాలో న్యూట్రాన్లతోనూ టొరంటోలో ఫోటాన్లతోనూ దానిని పరీక్షించారు, ఏ నిర్వచనం సరైనదన్న వాదం ఇప్పటికీ సాగుతూనే ఉంది. అది ప్లస్ టూ తరగతికి అవసరం లేదు.

తరగతికి అవసరమైనది 1998లో జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో డ్యూర్, నాన్, రెంపే చేసిన ప్రయోగం. వాళ్ళు రుబీడియం పరమాణువుల పుంజాన్ని కాంతి తరంగంతో రెండు దారులుగా చీల్చి, తిరిగి కలిపి చారలు తెచ్చారు. తర్వాత మైక్రోవేవ్ పల్సులతో, పరమాణువు ఏ దారిన పోయిందో దాని లోపలి శక్తిస్థితిలోనే గుర్తు పెట్టారు. మైక్రోవేవ్ ఫోటాన్ ఇచ్చే దెబ్బ చారలను చెరపడానికి ఏ మాత్రం చాలనంత చిన్నది. అయినా చారలు పూర్తిగా పోయాయి. ఆ గుర్తును ఎవరూ చదవనక్కర లేకపోయింది. దెబ్బ లేదు, చూపు లేదు, దారికీ మరో లక్షణానికీ ముడి పడింది, అంతే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నాగావళి మేష్టారూ, ఏ ఎలక్ట్రాన్‌నూ రెండుసార్లు ముట్టుకోమన్న మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. అయితే మైక్రోవేవ్ అయినా ఎంతో కొంత తగిలింది కదా. అసలేమీ తగలకుండా కొలత జరగగలదా?

రుషికుల్య (బరంపురం)

జరగగలదు. 1993లో ఎలిట్‌జర్, వైద్‌మన్ అనే ఇద్దరు ప్రతిపాదించినది ఇది. ఒక ఫోటాన్‌ను సగం వెండిపూత ఉన్న అద్దం మీదికి పంపితే దానికి రెండు దారులు ఏర్పడతాయి. మామూలు అద్దాలతో ఆ రెండు దారులనూ తిప్పి, మరో సగంపూత అద్దం దగ్గర కలుపుతారు. దారుల పొడవును సరిచేసి, బయట పెట్టిన రెండు డిటెక్టర్లలో ఎప్పుడూ మొదటిదే మోగేటట్లు, రెండోది ఎన్నడూ మోగనట్లు అమరుస్తారు. ఇప్పుడు ఒక దారిలో, ఒక్క ఫోటాన్ తగిలినా పేలిపోయే బాంబు పెట్టామనుకోండి. నూటికి యాభైసార్లు బాంబు పేలుతుంది. ఇరవై అయిదుసార్లు మొదటి డిటెక్టర్ మోగుతుంది, దాని వల్ల ఏమీ తేలదు. మిగిలిన ఇరవై అయిదుసార్లు, ఎన్నడూ మోగకూడని రెండో డిటెక్టర్ మోగుతుంది. అది మోగిందంటే దారిలో బాంబు ఉన్నట్టే, అది పేలలేదు కాబట్టి ఫోటాన్ దానికి తగలనూ లేదు. 1995లో పాల్ క్వియాట్, జైలింగర్ తదితరులు బాంబు లేకుండానే దీనిని ప్రయోగశాలలో చేసి చూపారు. తగలడం కొలతకు అవసరమైతే ఆ రెండో డిటెక్టర్ మోగడానికి వీలే లేదు.

కొండగాలి (కొరాపుట్)

చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. మా వైపు సంతలలోనూ ఫోన్లలోనూ క్వాంటం కంకణాలు, క్వాంటం నీళ్ళు అమ్మేవారు ఎక్కువయ్యారు. గట్టిగా అనుకుంటే కావలసిన ఫలితమే వస్తుందని, ఇక్కడ అనుకుంటే దూరాన ఉన్నవారికి చేరుతుందని చెబుతున్నారు. వీటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పగలరా?

నాగావళి (రాయగడ)

రెండు ముక్కలు కావాలి. 1922లో స్టెర్న్, గెర్లాక్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెండి పరమాణువులను అయస్కాంత క్షేత్రం గుండా పంపితే అవి రెండుగా చీలాయి. అయస్కాంతాన్ని ఏ దిశలో పెట్టాలన్నది మన ఇష్టం. కొలిమి నుంచి వచ్చిన ఒక పరమాణువు పైకి పోతుందా, కిందికి పోతుందా అన్నది మన చేతిలో లేదు, సగం సగం అవకాశమే. ఏం అడగాలో ఎంచుకోవచ్చు గాని ఏం చెప్పించాలో ఎంచుకోలేము. 1926లో మాక్స్ బోర్న్ సంభావ్యతల సూత్రం చెప్పిన నాటి నుంచి, ఎవరి కోరికతోనూ అది ఒక్క వంతు పక్కకు జరగలేదు. దూరాన ఉన్న కణాల సంగతి: దూరంగా ఉన్న జంట కణాల ఫలితాల మధ్య సంబంధాన్ని తేల్చడానికి 1964లో బెల్ చెప్పిన పరీక్షలను చేసినందుకే క్లాసర్, ఆస్పే, జైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది. ఆ సంబంధం నిజమే. కాని రెండు చోట్ల పుట్టిన ఫలితాల పట్టికలను పక్కపక్కన పెట్టి చూస్తేనే అది కనిపిస్తుంది. ఒక్క చోటి పట్టికలో ఉన్నది వట్టి బొమ్మా బొరుసూ. దానితో కబురు పంపలేరు, జ్వరం తగ్గించలేరు.

ప్రాణహిత (సిరొంచ)

మేష్టారూ, అలాగైతే ష్రోడింగర్ పిల్లి సంగతేమిటి? పెట్టె తెరిచేదాకా అది బతికీ చచ్చీ ఉంటుందన్నది పిల్లలందరికీ కంఠస్థం. చూడనప్పుడు చంద్రుడు లేడా అని ఐన్‌స్టైన్ కూడా అడిగాడంటారు.

నాగావళి (రాయగడ)

ష్రోడింగర్ 1935లో ఆ పిల్లిని తెచ్చింది, అటువంటి మాట ఎంత హాస్యాస్పదమో చూపడానికి. ఉక్కుపెట్టెలో రవ్వంత రేడియోధార్మిక పదార్థం, గైగర్ కౌంటర్, సుత్తి, విషపు సీసా పెట్టి, గంటలో పరమాణువు విఘటనం చెందే అవకాశం సగమని చెప్పి, సమీకరణాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే ఎక్కడ తేలుతామో చూడమన్నాడు. ఆయన వెక్కిరింతను లోకం సిద్ధాంతం చేసి కూర్చుంది. మనిషి పెట్టె తెరవడానికి ఎంతో ముందే గైగర్ కౌంటర్, గాలి, పిల్లి ఒంటి వేడి అన్నీ ఆ సమాచారాన్ని లెక్కకందనన్ని చోట్లకు మోసుకుపోయి ఉంటాయి.

చంద్రుడి ప్రశ్నను ఒకసారి నడుస్తూ ఐన్‌స్టైన్ తనను అడిగాడని అబ్రహాం పైస్ రాశాడు. చంద్రుడి మీద క్షణక్షణమూ ఎండ పడి చెదురుతూనే ఉంది, అతని ఉనికి గురుతులు అన్ని దిక్కులకూ పోతూనే ఉన్నాయి. ఒడిశాలోని ఖండపడాలో ఖగోళశాస్త్రజ్ఞుడు పఠానీ సామంతుడు వెదురుతోనూ కొయ్యతోనూ చేసిన పరికరాలతో చంద్రగతిని కొలిచి 'సిద్ధాంత దర్పణం' రాస్తే, చంద్రుడు అతని చూపు కోసం ఆగనూ లేదు, తొణకనూ లేదు.

అయితే ఇంతటితో అంతా తేలిపోయిందని పిల్లలకు చెప్పవద్దు. పరిసరాలతో ముడిపడటాన్ని డీకోహెరెన్స్ అంటారు. చారలు ఎందుకు పోతాయో, పిల్లిలో చారలు ఎందుకు వెతకలేమో అది చెబుతుంది. రెండు అవకాశాలలో ఈసారి ఇదే ఎందుకు జరిగిందో అది చెప్పదు. ఈ ఖాళీని పూరించడానికే అనేక ప్రపంచాల వాదం, బోమ్ చెప్పిన మార్గదర్శక తరంగం, తరంగం తనంతట కుప్పకూలుతుందనే సిద్ధాంతాలు పుట్టాయి. వీటిలో కుప్పకూలుతుందనే సిద్ధాంతాలను ప్రయోగంతో పరీక్షించవచ్చు, పరీక్షిస్తున్నారు కూడా. నా మట్టుకు నాకు ఏదీ పూర్తిగా రుచించలేదు. వేదాంతులు తమ వాదాన్ని తమ ప్రమాణాల మీద నిలబెట్టుకోగలరు, ఎలక్ట్రాన్‌ను సాక్ష్యానికి పిలిస్తే అది వాళ్ళ పక్షాన చెప్పదు.

వంశధార (గుణుపురం)

మీ అందరికీ కృతజ్ఞతలు. పాడైన కాలిక్యులేటర్ల నుంచి తీసిన పోలరాయిడ్ (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పొర) ముక్కలతో తరగతిలో ఒకటి చేయించాను. రెండు ముక్కలను ఒకదానికొకటి లంబంగా తిప్పి పెడితే చీకటి. వాటి మధ్య మూడో ముక్కను 45 డిగ్రీల వాలుతో దూర్చగానే వెలుగు తిరిగి వచ్చింది. అడ్డు పెరిగితే వెలుగు పెరగడమేమిటని పిల్లలు బల్లల మీదికి ఎక్కినంత పని చేశారు. దీనిని క్వాంటం కొలతకు ఉదాహరణగా చెప్పవచ్చునా?

రుషికుల్య (బరంపురం)

చెప్పవచ్చు గాని ఒక జాగ్రత్త కావాలి. మంచి పోలరాయిడ్ అయితే మొదటి ముక్క దాటాక సగం, రెండోది దాటాక పావు, మూడోది దాటాక ఎనిమిదో వంతు వెలుగు మిగులుతుంది. ఈ లెక్కకు పోలరాయిడ్ వాలును బట్టి ఎంత వెలుగు దాటుతుందో చెప్పే పందొమ్మిదో శతాబ్దపు మాలస్ నియమం చాలు, క్వాంటం అక్కరలేదు. ఫోటాన్లను ఒక్కొక్కటిగా పంపినప్పుడు అసలు కథ మొదలవుతుంది. అప్పుడు ఎనిమిదో వంతు ఫోటాన్ అంటూ ఏదీ రాదు, వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే లేదు. మధ్య ముక్కను దాటిన ఫోటాన్‌కు ఇక 45 డిగ్రీల ధ్రువణమే (కంపన దిశే) ఉంటుంది, అంతకుముందున్న ధ్రువణం గుర్తు దానిలో మిగలదు. ఆ ఫోటాన్ మొదటి నుంచీ 45 డిగ్రీలతోనే ఉందనీ, ముక్క దానిని కనిపెట్టిందనీ మాత్రం చెప్పకండి.

ల్యాప్‌టాప్ తెర నుంచి వచ్చే వెలుగు సాధారణంగా ముందే ధ్రువణం చెంది ఉంటుంది కాబట్టి, దానితో చేస్తే రెండు ముక్కలే చాలు. కొన్ని ఫోన్లలో చలవ కళ్ళద్దాలు పెట్టుకున్నవారికి తెర నల్లబడకుండా పైన ఇంకో పొర వేస్తారు, వాటితో చేస్తే చీకటి సరిగా రాదు. వాలుగా పెట్టే ముక్కను ఒకసారి రెండింటి ముందు, ఒకసారి రెండింటి వెనుక కూడా పెట్టించండి. మూడూ అవే ముక్కలు, అవే కోణాలు, అయినా వెలుగు రాదు. వరుస మారితే ఫలితం ఎందుకు మారిందని అడిగే పిల్లలకు స్టెర్న్, గెర్లాక్ అయస్కాంతాలను ఒకదాని తర్వాత ఒకటి పెట్టిన బొమ్మ గీసి చూపించండి. అక్కడా ఇదే జరుగుతుంది.